షికాగో జనవరి చలికి పట్టుచీర, కుర్తా, పంచె: వెచ్చగానూ ఉండాలి, చూడ్డానికీ బాగుండాలి

నేపర్‌విల్_కొత్త

నమస్కారం అండీ. నవంబరులో హైదరాబాదు నుంచి షికాగో పక్కన నేపర్‌విల్‌కి వచ్చాం. జనవరి చలికి దేని మీద ఏది వేసుకోవాలో తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెబుతారా? "లేయర్లు వేసుకోండి" అన్న మాట చాలాచోట్ల చదివాను. ఏ లేయరు, ఎంత మందం, ఏ బట్ట అన్నదే ఎవరూ చెప్పడం లేదు.

మా అవసరాలు ఇవి. సంక్రాంతికి పొద్దున అరోరా బాలాజీ గుడి, సాయంత్రం ఒక హాల్లో పండగ. వెడల్పాటి జరీ అంచున్న ధర్మవరం పట్టుచీర కట్టుకోవాలని ఉంది. కారు పెట్టిన చోటు నుంచి ఐదారు నిమిషాల నడక, హాల్లో మూడు నాలుగు గంటలు. ఆఫీసుకి వారంలో మూడు రోజులు మెట్రా రైలు: నేపర్‌విల్ ప్లాట్‌ఫారం మీద పది నిమిషాలు నిలబడాలి, యూనియన్ స్టేషన్లో దిగాక వంతెన దాటి పదిహేను నిమిషాలు నడవాలి. కుర్తాలు మానుకోవాలని లేదు. మావారికి పంచె, లాల్చీ. నాలుగేళ్ల పాపకి పట్టు లంగా.

ఇప్పుడు ఉన్నవి: ఇండియాలో కొన్న రెండు జతల కాటన్ థర్మల్స్, నడుము దాకా వచ్చే నల్ల కోటు, స్పోర్ట్స్ బూట్లు.

ఇబ్బందులు రెండు. థర్మల్, స్వెట్టరు, కోటు అన్నీ వేసుకున్నా రైల్లో చెమట పడుతోంది, దిగి వంతెన ఎక్కగానే వణుకు పుడుతోంది. రెండోది, చీర ఓసారి కట్టి చూస్తే లోపలి ఫ్లీస్ లెగ్గింగ్స్‌కి, కాళ్లకి అతుక్కుపోయి కుచ్చిళ్లు నిలవలేదు.

మిచిగాన్_గాలి

మీ మొదటి ఇబ్బందికి కారణం ఆ కాటన్ థర్మలేనండి. కాటన్ చెమటను పీల్చుకుంటుంది కానీ తొందరగా వదలదు. వెచ్చటి రైల్లో అరగంట పైన కూర్చుంటే అది తడుస్తుంది. ఆ తడిబట్ట ఒంటికి అంటుకుని ఉండగా నది మీద గాలి తగిలితే ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఇంకో స్వెట్టరు తగిలిస్తే చెమట ఇంకా ఎక్కువై, వణుకూ ఎక్కువవుతుంది. కాటన్ మొత్తంగా పనికిరాదని కాదు. ఒంటికి తగిలే మొదటి పొర మాత్రం కాటన్ కాకూడదు. దాని పైన వేసే కుర్తా కాటనైనా ఇబ్బంది లేదు.

ముందు ఎంత చలికి సిద్ధపడాలో చూద్దాం. షికాగోలో జనవరి సగటు పగలు 0 డిగ్రీల దగ్గర, రాత్రి మైనస్ 7 దగ్గర. కానీ 2019 జనవరి 30న ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 30 కిందికి దిగింది. కాబట్టి మామూలు రోజుకొకటి, గడ్డు రోజుకొకటి, రెండు సెట్లు ఆలోచించుకోండి. గాలి లెక్క మరిచిపోవద్దు. మైనస్ 18 డిగ్రీలప్పుడు గంటకు 24 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి అది మైనస్ 28లా తగులుతుంది. ఆ చలిలో కప్పని చర్మం అరగంటలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఫోన్లో ఉష్ణోగ్రత ఒక్కటే చూసి బయల్దేరకండి, పక్కనే ఉండే విండ్ చిల్ అంకె చూడండి.

మీ మూడు సందర్భాల్లోనూ బయట ఉండేది నిమిషాల్లో, లోపల ఉండేది గంటల్లో. అందుకని వెచ్చదనమంతా తలుపు దగ్గర విప్పేసేవాటిలో ఉండాలి: కోటు, టోపీ, మఫ్లరు, చేతి తొడుగులు, బూట్లు. లోపల మిగిలేవి 21 డిగ్రీల గదిలో హాయిగా ఉండేంత పల్చగా ఉండాలి. కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. లోపల నాలుగు పొరలు, పైన పొట్టి కోటు. లోపలివి ఆఫీసులో విప్పడానికి వీలుండదు, రోజంతా ఉడుకుతూ కూర్చోవాలి.

మొదటి పొర: మెరీనో ఉన్ని, చదరపు మీటరుకు 150 నుంచి 200 గ్రాముల మందం. చీటీ మీద ఆ అంకె ఉంటుంది. 250 రకం బయట పనిచేసేవాళ్లకి, ఆఫీసుకి వేడెక్కువ. ఉన్ని గుచ్చుకుంటుందని భయపడేవాళ్లు 18.5 మైక్రాన్లు, అంతకంటే సన్నటి పోగుతో చేసింది చూసుకోండి. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు, వాసనా పట్టదు. ఒకసారి వేసుకున్నాక హ్యాంగరుకి తగిలించి గాలికి ఆరనిస్తే మర్నాడు మళ్లీ వేసుకోవచ్చు. మూడు రోజుల ఆఫీసుకి పైవి రెండు, కిందివి రెండు చాలు. ఖరీదు ఎక్కువనిపిస్తే సన్నటి పాలిస్టర్ థర్మల్ తీసుకోండి. త్వరగా ఆరుతుంది, కాకపోతే రోజూ ఉతకాలి.

దాని మీద మీ కుర్తా. గడ్డు రోజుల్లో మాత్రం కుర్తాకీ కోటుకీ మధ్య చేతుల్లేని సన్నటి డౌన్ (బాతుల మెత్తటి ఈకల నూగు నింపిన) జాకెట్. మడిస్తే చిన్న సంచిలో పడుతుంది, రైలెక్కగానే తీసేయవచ్చు.

కోటు విషయంలో రాజీ పడకండి. మోకాలి కింద దాకా రావాలి, టోపీ ఉండాలి, మణికట్టు దగ్గర లోపలి పట్టీ ఉండాలి, జిప్పు రెండు వైపుల నుంచీ తెరుచుకోవాలి. ఈ చివరిది చీరకీ కుర్తాకీ చాలా ముఖ్యం. కింది నుంచి ఓ అడుగు తెరిస్తే మెట్లెక్కడానికి, కార్లో కూర్చోవడానికి వీలవుతుంది, పైన గొంతు దాకా మూసే ఉంటుంది. కొనేటప్పుడు లోపల స్వెట్టరు వేసుకుని చూడండి. చేతులు ముందుకు చాచి కట్టుకుంటే వీపు పట్టేయకూడదు. డౌన్ వెచ్చగా ఉంచేది ఈకల మధ్య నిలిచే గాలితోనే. కోటు బిగుతైతే ఆ గాలి నలిగిపోయి, ఎంత ఖరీదు పెట్టినా చలేస్తుంది. ఫిల్ పవర్ (డౌన్ ఎంత పొంగుతుందో చెప్పే అంకె) 600, 650 ఉంటే షికాగోకి చాలు.

రైల్లో క్రమం కూడా చెబుతాను. ఎక్కిన వెంటనే, చెమట పట్టకముందే, టోపీ, మఫ్లరు తీసి జిప్పు పూర్తిగా విప్పేయండి. దిగడానికి ఐదు నిమిషాల ముందు మళ్లీ వేసుకోండి. నడక మొదట్లో కాస్త చలిగా అనిపించాలి. మొదటి అడుగునుంచే వెచ్చగా ఉంటే పది నిమిషాలకు చెమట పట్టడం ఖాయం.

వేళ్లకి గ్లోవ్స్ కంటే వేళ్లన్నీ ఒకే గదిలో ఉండే మిటెన్లు చాలా వెచ్చన. లోపల ఫోన్ తాకడానికి వీలయ్యే పల్చటి గ్లోవ్స్, పైన మిటెన్లు వేసుకుంటే టికెట్ చూపించడానికి చెయ్యి బయటపెట్టక్కర్లేదు.

సూదీదారం

చీర సంగతి నేను చెబుతాను.

అతుక్కోవడానికి కారణం స్థిర విద్యుత్తు. చలికాలంలో హీటరు వల్ల ఇంట్లో గాలి పొడిబారిపోతుంది. మీ ఫ్లీస్ లెగ్గింగ్స్ పాలిస్టర్. దాని మీద పట్టు రాసుకుంటుంటే కరెంటు పుడుతుంది, పొడిగాలిలో అది పోయే దారి ఉండదు. లోపలి లంగా కూడా శాటిన్ పాలిస్టరైతే ఇంకా ఘోరం. చెయ్యాల్సింది: పాలిస్టర్‌కీ పట్టుకీ మధ్య ఒక కాటన్ పొర. ఉతికి ఉతికి మెత్తబడిన పాత కాటన్ లంగా అయితే మరీ మంచిది. కట్టుకునే ముందు కాళ్లకి లోషన్ రాసుకోండి. అప్పటికీ అంటుకుంటే, ఇనుప హ్యాంగరుతో లంగాకీ చీరకీ మధ్య ఒకసారి పైనుంచి కిందకి నిమిరితే వదులుతుంది. జార్జెట్, షిఫాన్ చీరలు జనవరిలో పెట్టెలోనే ఉంచండి. ధర్మవరం, కంచి పట్టు లాంటి బరువైనవి కుచ్చిళ్లు తమ బరువుతోనే కిందికి దిగి నిలుస్తాయి. మీ ఎంపిక సరైనదే.

ఫ్లీస్ లెగ్గింగ్స్‌తో ఇంకో చిక్కుంది. వాటి పైభాగం నునుపు. బొందు ఎంత బిగించినా లంగా జారుతుంది, చీర బరువుతో ఇంకా జారుతుంది. ఎలాస్టిక్ మీద బొందు పడి నడుము కోసుకుపోతుంది కూడా. నా సలహా, హాలు కార్యక్రమానికి లెగ్గింగ్స్ మానేసి మోకాలి పైదాకా వచ్చే ఉన్ని మేజోళ్లు వేసుకోండి. నడుము దగ్గర ఏ అడ్డూ ఉండదు, హాల్లో ఉక్క అనిపిస్తే కిందికి చుట్టేసుకోవచ్చు. లెగ్గింగ్స్ తప్పదంటే లంగాకి బొందు తీసేసి, రెండు అంగుళాల వెడల్పు పట్టీ, రెండు హుక్కులు పెట్టించండి.

లంగా కొత్తగా కుట్టించుకోవాలనుకుంటే ఫ్లానెల్ కాటన్ మంచిది. రెండున్నర మీటర్లు పడుతుంది. ముందు నానబెట్టి ఆరేశాకే కత్తిరించాలి, ఫ్లానెల్ బాగా ముడుచుకుంటుంది. నూలు నూలే కాబట్టి అతుక్కోదు, కాళ్లకి వెచ్చగా ఉంటుంది. ఆరు ముక్కల లంగా వద్దు, నాలుగు ముక్కలది చాలు. మందం బట్టకి కుట్లు ఎక్కువైతే తుంటి దగ్గర ఉబ్బుగా కనిపిస్తుంది.

జాకెట్టుకి రెండు దారులు. (రవిక అన్న అర్థంలోనే జాకెట్టు అంటున్నాను.)

ఒకటి, మెడంతా కప్పే పల్చటి మెరీనో టర్టిల్‌నెక్‌నే జాకెట్టుగా వేసుకోవడం. నడుము కప్పుతుంది, కొనడం సులువు, పట్టుచీర మీద నల్లది, ముదురు మెరూన్‌ది, అంచు రంగుది చక్కగా కుదురుతాయి. నిలువు గీతల అల్లిక ఉన్న సన్నటిది చూడండి. వదులుగా ఉంటే పైట కింద ముడతలు పడి ఎంత మంచి చీరైనా పాతదానిలా కనిపిస్తుంది. పైటకి పిన్నీసు నేరుగా అల్లిక బట్టకి గుచ్చకండి. చీర బరువుకి కన్నం సాగి పోగు తెగుతుంది. భుజం లోపల రూపాయి బిళ్లంత గట్టి గుడ్డముక్క పెట్టి, దాన్ని కూడా కలిపి గుచ్చండి.

రెండోది, మఖ్మల్ జాకెట్టు, నిండు చేతులు, నిలువు కాలరు. 44 అంగుళాల పన్నాలో మీటరుంపావు నుంచి మీటరున్నర పడుతుంది, మీ కొలతను బట్టి. ఇండియాలో కుట్టిస్తుంటే దర్జీకి మూడు విషయాలు ఖచ్చితంగా చెప్పండి. లోపల సన్నటి థర్మల్ వస్తుంది కాబట్టి ఛాతీ చుట్టుకొలతకి అంగుళం నుంచి అంగుళంన్నర లూజు, చంక లోతు అరంగుళం ఎక్కువ. మఖ్మల్ నూగు అన్ని ముక్కల్లోనూ ఒకే దిశలో ఉండేట్టు కత్తిరించాలి, లేకపోతే ఒక చెయ్యి ముదురుగా, ఒక చెయ్యి లేతగా కనిపిస్తుంది. లైనింగుకి టూ బై టూ రూబియా అనే సన్నటి నూలు బట్ట వెయ్యమనండి, పాలిస్టర్ వద్దు. ఇస్త్రీ తిరగేసి, ఆవిరితోనే. నూగు వైపు పెట్టె పెడితే మెరుపు మచ్చ పడి మళ్లీ పోదు.

ఇక కుచ్చిళ్ల ఎత్తు. బయట బూట్లు చదునైనవి, హాల్లో రెండంగుళాల మడమ చెప్పులు అనుకుందాం. బూట్లకి సరిపోయేట్టు కడితే హాల్లో చీర పొట్టి అవుతుంది, చెప్పులకి కడితే బయట మంచు ఊడుస్తుంది. కాబట్టి ఇంట్లో ఆ చెప్పులు వేసుకునే కట్టుకోండి. తర్వాత చీర మీదుగా నడుముకి వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ ఒకటి పెట్టుకుని, చుట్టూ చీరను ఆరంగుళాలు పైకి లాగి ఆ పట్టీ మీద వాలనివ్వండి. పైన కోటు ఉంటుంది కనుక ఏమీ కనిపించదు. హాల్లో పట్టీ తీసేస్తే కుచ్చిళ్లు తిన్నగా దిగుతాయి. పొలం పనుల్లో చీర ఎగదోపుకునే పద్ధతే ఇది. కొంగు కూడా వెనక వేలాడకుండా ముందుకి తెచ్చి నడుము చుట్టూ తిప్పి దోపుకుని కోటు వేసుకోండి.

వెల్‌క్రో ఉన్న కోటు చేతులు, గ్లోవ్స్ పట్టు దగ్గరకి రానివ్వకండి. ఒక్కసారి రాసుకుంటే పోగులు లేస్తాయి, అవి మళ్లీ కూర్చోవు.

ఉన్నిబుట్ట

మిచిగాన్_గాలి గారు చెప్పిన డౌన్ కోటు గురించి చిన్న భేదాభిప్రాయం. గడ్డు రోజులకి అది తప్పదు, ఒప్పుకుంటాను. కానీ పండగ సాయంత్రం మైనస్ 5 అయితే, కారు నుంచి ఐదు నిమిషాల నడకకి పొడుగాటి ఉన్ని కోటే పట్టుచీర మీద అందంగా ఉంటుంది. తలుపు దగ్గర అందరూ మొదట చూసేది కోటునే కదా. అయితే చీటీ చదివి కొనండి. ఉన్ని 70 నుంచి 80 శాతం, మిగతాది నైలాన్ అయితే మంచిది, నైలాన్ అరుగుదలను ఆపుతుంది. ఉన్ని సగం కంటే తక్కువై మిగతాదంతా పాలిస్టర్, ఆక్రిలిక్ అయితే చూపుకి ఉన్నిలా ఉన్నా గాలి ఆగదు, నెల తిరక్కుండానే ఉండలు కడుతుంది. మీ దగ్గరున్న నల్ల కోటు చీటీ కూడా ఒకసారి చూడండి. కోటులో అన్నిటికంటే ముందు చూడాల్సింది భుజం. భుజం కుట్టు మీ భుజం ఎముక అంచు కంటే అరంగుళం బయటికి ఉంటే లోపల స్వెట్టరు పడుతుంది. చేతుల పొడుగు, కింది అంచు దర్జీ సరిచేయగలడు కానీ భుజాన్ని సరిచేయడం కోటంతా విప్పి కుట్టడమే.

ఆఫీసుకి కుర్తాలు నిక్షేపంగా వేసుకోవచ్చు. పద్ధతి ఇది: లోపల టర్టిల్‌నెక్, కింద ప్యాంటు రెండూ ఒకే ముదురు రంగు. రెండూ బొగ్గు రంగు, లేదా రెండూ నేవీ. మధ్యలో కుర్తా ఒక్కటే రంగు మాట్లాడుతుంది. పెడన అచ్చు కలంకారీ, పోచంపల్లి ఇక్కత్, మంగళగిరి నూలు, ఏదైనా సరే. అవి కాటనే కానీ ఒంటికి తగిలేది ఉన్ని కనుక చెమట సమస్య రాదు. కుర్తా చేతులు ముప్పావు ఉంటే లోపలి ఉన్ని చేతులు బయటికి కనిపించడం బాగుంటుంది. నిండు చేతుల కుర్తాలో ఉన్ని చేతులు ఇరుక్కుని మోచేతి దగ్గర ఉండ కడతాయి.

కుర్తా పొడుగు కోటు కంటే రెండు మూడు అంగుళాలు తక్కువ ఉండాలి. మీ నడుము కోటు కింద మోకాళ్ల దాకా కుర్తా వేలాడితే కాళ్లు పొట్టిగా కనిపిస్తాయి, గాలి చీలికల్లోంచి లోపలికి దూరుతుంది. చలికాలానికి చీలికలు తొడ మధ్య దాకా కుట్టించేయండి. చుడీదార్ పల్చన, వద్దు. లోపల మెరీనో లెగ్గింగ్స్ పట్టే, నేరుగా దిగే ఉన్ని ప్యాంటు మేలు. మొత్తంలో ఒక్కటే ఉబ్బుగా ఉండాలి. కోటు ఉబ్బుగా ఉంటే లోపలివన్నీ ఒంటికి దగ్గరగా ఉండాలి.

శాలువా ఇండియా నుంచే తెప్పించుకోండి, ఇక్కడ కొనొద్దు. కాకపోతే పష్మీనా అని చీటీ ఉన్నవన్నీ పష్మీనా కాదు. అసలుది లద్దాఖ్ చాంగ్‌థాంగ్ మేకల లోపలి నూగు, పోగు 12 నుంచి 16 మైక్రాన్లు. చవగ్గా దొరికేవి చాలావరకు విస్కోస్ లేదా ఆక్రిలిక్. అంచు నుంచి ఒక పోగు తీసి కాల్చి చూడండి. జుట్టు కాలిన వాసన వచ్చి, వేళ్లతో నలిపితే బూడిదైతే ఉన్ని. కరిగి గట్టి పూసలా అయితే ఆక్రిలిక్. కాగితం కాలిన వాసనైతే విస్కోస్. ఎవరైనా షాతూష్ అని అమ్మజూపితే ముట్టుకోకండి. అది చిరు అనే టిబెట్ జింక బొచ్చు, మన దేశంలోనూ అంతర్జాతీయంగానూ దాని వ్యాపారం నిషేధం, విమానాశ్రయంలో పట్టుబడితే నేరమే.

మీ వారి పంచెకి కులూ శాలువా భలే కుదురుతుంది. మీగడ రంగు నేల మీద రంగురంగుల అంచు ఉన్నదాన్ని నిలువుగా నాలుగు మడతలు పెట్టి కండువాలా వేసుకోవచ్చు. గుళ్లో చలేస్తే విప్పి కప్పుకోవచ్చు. లాల్చీ మీద చేతుల్లేని ఉన్ని కోటు, అంచు రంగుకి దగ్గరగా. పంచె కింద థర్మల్ తెల్లటిది కాదు, ఒంటి రంగుది వేసుకోమనండి. పల్చటి పంచెలోంచి తెలుపు గీత కొట్టినట్టు కనిపిస్తుంది. అది పిక్కల దాకానే ఉంటే చీలమండ దగ్గర బయటికి తొంగిచూడదు.

నగల మాట. లోహం చలిని నేరుగా చర్మానికి చేరుస్తుంది. జుంకాలు పెట్టుకుని టోపీ వేసుకుంటే తమ్మెలు మండుతాయి, టోపీ అల్లికలో చిక్కుకుంటాయి కూడా. జుంకాలు, లోహపు గాజులు సంచిలో పెట్టుకుని హాల్లో వేసుకోండి. గాజులతో మిటెన్లు ఎక్కవు, బలవంతంగా ఎక్కిస్తే మణికట్టు దగ్గర సందు మిగిలి గాలి దూరుతుంది.

నేపర్‌విల్_కొత్త

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. ఎలాస్టిక్ పట్టీ ఇందాకే ప్రయత్నించాను, చీర చక్కగా నిలిచింది. రెండు అనుమానాలు. బూట్లు ఎలాంటివి కొనాలి? రోడ్ల మీద ఉప్పు చల్లుతున్నారు కదా, అది జరీకి తగిలితే ఏమవుతుంది? పాప పట్టు లంగా మీద లావుపాటి కోటు వేసి కారు సీటులో కూర్చోబెడితే బెల్టు పట్టడం లేదు, పట్టీలు వదులు చేయనా?

ఉప్పుబాట

ముందు పాప సంగతి. పట్టీలు వదులు చేయకండి. ఉబ్బు కోటు మీద పట్టీ బిగించినట్టే అనిపిస్తుంది. కారు ఎక్కడైనా గుద్దుకుంటే ఆ కోటులోని గాలంతా నలిగిపోయి పట్టీకీ బిడ్డకీ మధ్య ఖాళీ వస్తుంది, బిడ్డ ముందుకు జారిపోతుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్పేది కూడా ఇదే, సీటు పట్టీ కింద లావు కోటు వద్దని. పాపకి మెరీనో థర్మల్, దాని మీద పట్టు లంగా జాకెట్టు, పైన పల్చటి ఫ్లీస్ స్వెట్టరు. ఇంతవరకే వేసి పట్టీలు బిగించండి. భుజం దగ్గర పట్టీని వేళ్లతో గిల్లితే మడత పడకూడదు. తర్వాత కోటును తిరగేసి, చేతులు ముందు నుంచి దూర్చి, పట్టీల మీద దుప్పటిలా కప్పండి. కారు దిగాక మామూలుగా తొడగవచ్చు. లంగా కుచ్చులు నడుము కింద బొంతలా చేరకుండా రెండు పక్కలకీ సర్ది, మధ్య పట్టీని కాళ్ల మధ్య లంగా మీదుగా కాకుండా కిందుగా రానివ్వండి. లంగా గేరు ఎక్కువైతే అసలు కుదరదు. అప్పుడు కార్లో థర్మల్ ప్యాంటుతో కూర్చోబెట్టి, లంగా హాల్లో కట్టడమే నయం.

బూట్లు: అడుగు రబ్బరుది, గాట్లు లోతుగా ఉన్నది. నీరు దిగనిది. పిక్కల మధ్య దాకా రావాలి, పక్కన జిప్పు ఉండాలి. గుళ్లో విప్పాలి కదా, తాళ్లు కట్టే బూట్లయితే వెనక వరుస ఆగిపోతుంది. కొలత అరసైజు ఎక్కువ తీసుకుని, ఒక్క జత మందపాటి ఉన్ని మేజోళ్లు వేసుకోండి. రెండు జతలు కుక్కితే పాదం నొక్కుకుపోయి రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. చాలామంది పాదాలకి చలి అని బూట్ల మందం పెంచుతారు. ఎక్కువసార్లు అసలు తప్పు బిగుతుదే.

గుళ్లో చెప్పుల గదిలో బూట్ల నుంచి కరిగిన మంచు నీళ్లు నేలంతా ఉంటాయి. మేజోళ్లు అక్కడే తడుస్తాయి, ఆ తడితోనే దర్శనమంతా నిలబడాలి. సంచిలో తలా ఒక పొడి జత పెట్టుకోండి. బూట్లు విప్పాక ఆ నీళ్లు దాటి వచ్చి, అప్పుడు మార్చుకోండి.

ఇక ఉప్పు. రోడ్ల మీద వేసేది ఎక్కువగా మామూలు ఉప్పే, సోడియం క్లోరైడ్. కొన్నిచోట్ల కాల్షియం, మెగ్నీషియం క్లోరైడ్లు కూడా వాడతారు. అసలు జరీలో ఉండేది వెండి, పైన బంగారు పూత. క్లోరైడు వెండిని నల్లబరుస్తుంది. రాగి మీద పూత పూసిన జరీ అయితే ఇంకా త్వరగా నల్లబడి పచ్చబారుతుంది. పట్టుకి నీళ్లు తగిలినా ఆరాక గుండ్రటి మరక మిగులుతుంది. అందుకని సూదీదారం గారు చెప్పిన ఎగదోపు ఎక్కడా మానకండి. నడకలో కంటే ఎక్కువ ప్రమాదం కారు దిగేటప్పుడు. తలుపు కింది గడప అంచు నిండా ఉప్పు బురద పేరుకుని ఉంటుంది, దిగుతూ చీర దాని మీదుగా జారుతుంది. ముందు రెండు కాళ్లూ బయటపెట్టి, కోటు అంచు, చీర కలిపి ఒళ్లోకి ఎత్తి పట్టుకుని లేవండి. గడపని బయల్దేరే ముందే ఒకసారి తుడిచేస్తే ఇంకా మంచిది.

అయినా తగిలిందనుకోండి. రుద్దవద్దు. తెల్లటి నూలు గుడ్డను మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండి, ఆ చోట అద్ది ఉప్పు లాగేసి, వెంటనే పొడి తువ్వాలుతో అద్దండి. హెయిర్ డ్రయ్యరు వేడిగాలి పెట్టొద్దు. ఆ వారంలోనే పట్టుచీరలు తెలిసిన డ్రైక్లీనరుకి ఇవ్వండి, ఉప్పు తగిలిందని చెప్పి మరీ ఇవ్వండి. చీరకి ఫాల్ ఎలాంటిది వేశారో కూడా చూసుకోండి. ముందు తడపకుండా కుట్టిన కాటన్ ఫాల్ అయితే తడిసినప్పుడు ముడుచుకుని అంచంతా పీక్కుపోతుంది. దాన్ని విప్పి పాలిస్టర్ ఫాల్ వేయించండి.

తోలు బూట్ల మీద తెల్లటి ఉప్పు గీత ఆరిపోకముందే తుడవాలి. తెల్ల వెనిగరు ఒక పాలు, నీళ్లు ఒక పాలు, మెత్తటి గుడ్డతో. తర్వాత ఉత్త నీళ్ల గుడ్డతో ఒకసారి. హీటరు పక్కన ఆరబెట్టొద్దు, తోలు పగులుతుంది. లోపల పాత కాగితాలు ఉండచుట్టి కూరి, గది మధ్యలో వదిలేయండి.

సూదీదారం

ఉప్పుబాట గారు చెప్పిన ఫాల్ మాటకి ఒక చేర్పు. పాలిస్టర్ ఫాల్ పట్టుచీరకి కుట్టేటప్పుడు మిషను కుట్టు వద్దు, చేత్తో హెమ్మింగే. దారం వదులుగా, కుట్టుకీ కుట్టుకీ పావంగుళం ఎడంగా. పట్టూ పాలిస్టరూ ఒకేలా సాగవు, బిగించి కుడితే కుచ్చిళ్ల కింద అంచు ముడతలు పడుతుంది. మూడు మీటర్ల ఫాల్ కుచ్చిళ్లకే సరిపోతుందేమో చూడండి. మీరు నడిచేది బురదలో కనుక మీటరు అదనంగా, మొదటి చుట్టు వచ్చే భాగానికి కూడా వేయించండి. ఇప్పుడే విప్పి మొదలుపెడితే చేత్తో కుట్టడానికి ఒక సాయంత్రం పడుతుంది.